పాత స్పిన్నింగ్ రీల్‌పై దారం ఎగుడుదిగుడుగా చుట్టుకుంటుంటే

రాయలచెరువు కట్ట మీంచి గాలం విసిరినప్పుడు దారం సాఫీగా సాగకుండా గుత్తులు గుత్తులుగా ఊడిపడుతోందా? ఎంత బలంగా విసిరినా ఎర అనుకున్నంత దూరం పోక ముందే పడిపోతోందా? కొత్త దారం కొనేముందు, రీల్ విప్పేముందు, స్పూల్‌ను (దారం చుట్టుకునే కండెను) కంటికెదురుగా అడ్డంగా పట్టుకుని వెలుతురులో చూడండి. దారం ఒక అంచున గుట్టలా లేచి, ఇంకో అంచున పల్లంగా ఉంటే అక్కడే జవాబు దొరుకుతుంది. ఆ గుట్ట ఎక్కడుందో సరిగ్గా గుర్తుపడితే చాలా పాత రీళ్ళు బాడీ విప్పకుండానే, ఒక్క పల్చటి వాషర్‌తో బాగుపడతాయి. గుర్తుపట్టకుండా స్క్రూలు విప్పితే మాత్రం ఉన్న తప్పుకు ఇంకోటి తోడవుతుంది.

స్పిన్నింగ్ రీల్‌లో చుట్టేటప్పుడు స్పూల్ గుండ్రంగా తిరగదు. తిరిగేది దాని చుట్టూ ఉండే రోటర్. రోటర్ మీదున్న బెయిల్ (తెరిచి మూసే వంపు తీగ) చివర లైన్ రోలర్ అనే చిన్న చక్రం దారాన్ని పట్టుకుని స్పూల్ చుట్టూ తిప్పుతుంది. రోలర్ ఎప్పుడూ ఒకే మట్టంలో తిరుగుతుంది కాబట్టి దారం పైనుంచి కిందిదాకా పరుచుకోవాలంటే స్పూలే ముందుకూ వెనక్కూ కదలాలి. లోపల మెయిన్ షాఫ్ట్‌కు (స్పూల్ కూర్చునే నడిమి ఇరుసుకు) బిగించిన స్లైడర్ ఆ పని చేస్తుంది. అందుకే చుట్టు బాగాలేదంటే చూడాల్సినవి మూడే: స్పూల్ సరైన మట్టంలో కూర్చుందా, మొదట్నుంచి చివరిదాకా ఆగకుండా కదులుతోందా, దారం ఒకే బిగువుతో వస్తోందా.

ఇక్కడ ముందు అంచు అంటే దారం బయటికి పోయేది, డ్రాగ్ నాబ్ (చేప లాగినప్పుడు స్పూల్ ఎంత బిగువుతో తిరిగి దారం వదలాలో సర్దే పిడి) ఉన్న వైపు. వెనక అంచు అంటే రోటర్ వైపుది. స్పూల్ పైకి అంటే ముందుకు, కిందికి అంటే రోటర్ వైపుకు అని అర్థం.

ఏ ఆకారానికి ఏ కారణం

గుట్ట ముందు అంచున ఉంటే స్పూల్ కాస్త కిందికి కూర్చున్నట్టు. అన్నిట్లోకీ ఇదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. విసిరినప్పుడు ముందున్న వదులు చుట్లు నాలుగైదు ఒక్కసారిగా జారి, గాలం కర్ర మీది మొదటి రింగు దగ్గర చిక్కుముడి పడుతుంది. గుట్ట వెనక అంచున ఉంటే స్పూల్ కాస్త పైకి ఉన్నట్టు. దీనివల్ల చిక్కు తక్కువే గానీ, దారం ముందు అంచును రాసుకుంటూ పోవాలి కాబట్టి దూరం తగ్గుతుంది. గుట్ట మరీ పెరిగితే చుట్లు స్పూల్ వెనక్కి జారి షాఫ్ట్‌కు చుట్టుకుంటాయి. ఈ రెండింటికీ మందు వాషరే.

రెండంచులూ లేచి నడుము పల్లంగా, ఢమరుకంలా ఉంటే విషయం వేరు. స్పూల్ ఆ కొసా ఈ కొసా ఆగి ఆలోచించి వెనక్కి తిరుగుతోందని అర్థం. పాత రీళ్ళలో చాలావాటికి స్లైడర్‌ను నడిపేది ఒక గేరు మీదున్న చిన్న పిన్ను. అది గుండ్రంగా తిరుగుతూ స్లైడర్‌ను తోస్తుంది. గుండ్రటి కదలికను నిలువు కదలికగా మార్చినప్పుడు కొసల దగ్గర వేగం తగ్గడం సహజం. అందుకే ఈ రకం రీళ్ళలో కొద్దిపాటి నడుము పల్లం ఉంటే పట్టించుకోకండి, అది పుట్టుకతో వచ్చిందే. ఈ మధ్యే ఎక్కువైందంటే లోపల లూజు పెరిగింది.

నడుము ఉబ్బి రెండంచులూ ఖాళీగా, పీపాలా ఉంటే స్పూల్ వెడల్పుకు దాని ప్రయాణం చాలడం లేదు. ఎక్కువగా ఇది వేరే రీల్ స్పూల్‌ను తెచ్చి తగిలించినప్పుడు వస్తుంది. వాషర్లతో ఇది పోదు.

ఒక్కచోటే సన్నటి గట్టులా లేస్తే గేరులో పన్ను విరిగి స్పూల్ అక్కడ ఒక క్షణం నిలిచిపోతోందేమో చూడాలి. చుట్ల అంచు గీత గీసినట్టు నిటారుగా కాకుండా ఏటవాలుగా, ఒక పక్క ముందుకూ ఎదుటి పక్క వెనక్కూ ఉంటే షాఫ్ట్ వంగింది. రీల్ పడేసినప్పుడు, బండి డిక్కీలో నొక్కుకున్నప్పుడు ఇలా అవుతుంది.

విప్పకుండా చూడాల్సినవి

ముందుగా డ్రాగ్ నాబ్. అది వదులైతే స్పూల్ షాఫ్ట్ మీద తేలుతూ ఉంటుంది, ఒక్కో చుట్టు ఒక్కో మట్టంలో పడుతుంది. నాబ్ బిగించి, స్పూల్‌ను రెండు వేళ్ళతో పట్టి ముందుకూ వెనక్కూ కదపండి. కదలిక కనిపించకూడదు. నాబ్ బిగించాకా స్పూల్ కదులుతోందంటే దాంతోపాటు షాఫ్ట్ కూడా కదులుతోందో లేదో గమనించండి. షాఫ్ట్ కూడా కదిలితే లూజు బాడీ లోపల ఉంది. వెనక డ్రాగ్ ఉన్న రకానికి ముందు నాబ్ ఉండదు, బటన్ నొక్కితే స్పూల్ ఊడొస్తుంది. అక్కడ ఆ బటన్ కింది కొక్కెం పూర్తిగా పట్టిందో లేదో చూడాలి.

తర్వాత బెయిల్. హ్యాండిల్ తిప్పి బెయిల్‌ను మూయండి. మూసుకున్నాక వేలితో ఇంకా నొక్కి చూడండి. ఇంకొంచెం కిందికి దిగిందంటే స్ప్రింగు నీరసించింది, లేదా కీలులో ఇసుక చేరింది. బెయిల్ పూర్తిగా మూసుకోకపోతే రోలర్ మట్టం మారుతుంది, దాంతో దారం మొత్తం ఒక వైపుకు జరుగుతుంది. ఇది తెలియక వాషర్లు వేసి, తర్వాత స్ప్రింగు మార్చాక మళ్ళీ వాషర్లు తీయాల్సి వస్తుంది. కాబట్టి బెయిల్ సంగతి తేల్చకుండా వాషర్ జోలికి పోవద్దు.

లైన్ రోలర్ తిరుగుతోందా? దారాన్ని రోలర్ మీదుగా వేసి, రెండు కొసలూ పట్టుకుని అటూ ఇటూ లాగండి. రోలర్ తిరగకుండా దారం మాత్రమే జారితే అది పట్టేసింది. పట్టేసిన రోలర్ దారాన్ని ఒకసారి గట్టిగా, ఒకసారి వదులుగా వదులుతుంది. గట్టి పొర వదులు పొరలోకి కూరుకుపోయి పైకి గుంటలూ దిబ్బలూ కనిపిస్తాయి. దారంలో మెలికలు కూడా పెరుగుతాయి. రోలర్ స్క్రూ తీసి, ముక్కలను వరుసలో ఒక గుడ్డ మీద పెట్టుకుని, ఇసుక తుడిచి, కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేస్తే చాలు. రోలర్ మీద దారం కోసిన గాడి గోరుకు తగులుతుంటే రోలర్ మార్చాలి. నునుపు చేసి వాడుకోవచ్చనుకోకండి, ఆ గాడి పట్టిన చోట దారం చివికిపోతుంది.

వాషర్ లెక్క

వాషర్లు స్పూల్ కింద, షాఫ్ట్ మీద కూర్చుంటాయి. వాటికి సూత్రం ఒక్కటే: వాషర్ వేస్తే స్పూల్ పైకి లేస్తుంది, దారం వెనక్కి జరుగుతుంది. వాషర్ తీస్తే స్పూల్ దిగుతుంది, దారం ముందుకు జరుగుతుంది. అంటే ముందు అంచున గుట్ట ఉంటే వాషర్ వేయాలి, వెనక అంచున ఉంటే తీయాలి. తిరగేసి గుర్తుపెట్టుకునేవాళ్ళు చాలామంది. రోలర్ మట్టం కదలదు, కదిలేది స్పూలే అన్నది మనసులో పెట్టుకుంటే తికమక ఉండదు.

ఎంత మందం కావాలో ఊహించక్కర్లేదు, కొలవచ్చు. ఉన్న దారమంతా తీసి ఒక సీసాకు చుట్టి పక్కన పెట్టండి. ఖాళీ స్పూల్‌కు తెల్లటి కుట్టు దారం కట్టి, ఎడమచేతి వేళ్ళ మధ్య మెత్తగా బిగువు పట్టి, హ్యాండిల్‌ను నెమ్మదిగా పది పన్నెండు చుట్లు తిప్పండి. తెల్లటి పట్టీ ఒకటి ఏర్పడుతుంది. ఆ పట్టీ కొసకూ స్పూల్ ముందు అంచుకూ మధ్య ఖాళీ ఎంతో, వెనక అంచుకూ మధ్య ఖాళీ ఎంతో స్కేలుతో కొలవండి. వెర్నియర్ (సన్న కొలతల పరికరం) ఉంటే ఇంకా మంచిది, లేత్ షాపులో అడిగితే కొలిచి ఇస్తారు. రెండు ఖాళీల తేడాలో సగమే మీకు కావాల్సిన మందం.

ఉదాహరణకు ముందు ఖాళీ 0.5 మి.మీ., వెనక ఖాళీ 2.5 మి.మీ. అనుకోండి. తేడా 2 మి.మీ., సగం 1 మి.మీ. పట్టీ ముందుకు జరిగి ఉంది కాబట్టి 1 మి.మీ. వాషర్ వేయాలి. వేశాక రెండు వైపులా 1.5 మి.మీ. చొప్పున మిగులుతుంది. వెనక ఖాళీ తక్కువగా ఉంటే అదే లెక్కతో అంత మందం తీయాలి. రెండు ఖాళీలూ సమానంగా ఉండి, రెండూ పెద్దవిగా ఉంటే వాషర్‌తో పనిలేదు. అది ఇందాక చెప్పిన పీపా కేసు.

సగం మి.మీ. అటో ఇటో తేల్చుకోలేకపోతే వెనక్కే మొగ్గండి. దారం ముందు వైపు కాస్త పలచగా, వెనక వైపు కాస్త మందంగా ఉంటే విసరడానికి ఇబ్బంది ఉండదు, గుత్తులుగా జారదు. ముందు మందంగా ఉంటే ఎంత కొద్దిగా ఉన్నా ఏదో ఒకరోజు చిక్కు తెస్తుంది.

పాత రీల్‌కు అసలు వాషర్లు దొరకడం కష్టం. చేసుకోవచ్చు. పాత ఏటీఎం కార్డు మందం 0.76 మి.మీ. ఉంటుంది, గట్టిగా, చదునుగా ఉంటుంది కాబట్టి దీనికి బాగా పనికొస్తుంది. ఇంతకన్నా పల్చటిది కావాలంటే కూల్‌డ్రింక్ సీసా నడుము భాగం కత్తిరించండి. దాని మందం సీసాను బట్టి మారుతుంది కాబట్టి కొలిచి వాడాలి. బయటి చుట్టుకొలతకు రీల్‌లో ఉన్న పాత వాషర్‌నే అచ్చుగా పెట్టి గీసుకోండి. మధ్య రంధ్రం షాఫ్ట్‌కు సరిగ్గా పట్టాలి. కాల్చిన మేకుతో రంధ్రం చేయొద్దు, కరిగిన ప్లాస్టిక్ అంచు కట్టి వాషర్ వంకరగా కూర్చుంటుంది. డ్రిల్‌తో చేసి, అంచులను గోళ్ళ ఆకురాయితో రుద్దండి. ఓపిక లేకపోతే లేత్ షాపులో నైలాన్ కడ్డీ నుంచి కోయించుకోవచ్చు. కుట్టుమిషన్ రిపేరు షాపుల్లోనూ పల్చటి ఇనుప వాషర్లు దొరుకుతాయి, కానీ పులికాట్ వైపు ఉప్పునీటికి తీసుకెళ్ళే రీల్‌లో ఇనుము వేయకండి.

హద్దులూ ఉన్నాయి. కొత్తగా వేసేది మొత్తం 2 మి.మీ. దాటితే అనుమానించాలి, అసలు కారణం ఇంకెక్కడో ఉంది. వేశాక డ్రాగ్ నాబ్ కనీసం మూడు నాలుగు మరలు పట్టాలి. షాఫ్ట్‌కు అడ్డంగా చిన్న పిన్ను ఉండే రకమైతే ఆ పిన్ను స్పూల్ కింది గాడిలో పూర్తిగా దిగాలి, లేకపోతే డ్రాగ్ పట్టదు. తీసేటప్పుడు చివరి వాషర్‌ను తీయకండి. చేప లాగినప్పుడు స్పూల్ తిరిగేది దాని మీదే. స్పూల్ మరీ దిగితే దాని అడుగు రోటర్‌ను రాసుకుంటుంది, హ్యాండిల్ తిప్పుతూ చెవి దగ్గర పెట్టుకుంటే గీరుతున్న చప్పుడు వినిపిస్తుంది.

బాడీ విప్పాల్సి వస్తే

ఢమరుకం ఆకారం, ఒక్కచోట గట్టు, షాఫ్ట్‌లో లూజు లేదా వంపు, వీటికే లోపలికి వెళ్ళాలి. అంచులున్న స్టీలు పళ్ళెంలో తెల్లగుడ్డ పరచి దాని మీద విప్పండి, ఎగిరిపడే స్ప్రింగు అందులోనే ఉంటుంది. ప్రతి భాగం తీసేముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

స్పూల్, హ్యాండిల్ తీశాక పక్క మూతకు మూడు నాలుగు స్క్రూలుంటాయి. వాటి పొడవులు ఒకేలా ఉండకపోవచ్చు, కాబట్టి ఏది ఎక్కడిదో కాగితం మీద రీల్ బొమ్మ గీసి దానికి గుచ్చి పెట్టండి. మూత ఎత్తగానే కనిపించేది పెద్ద గేరు. దాని ఇరుసుకు అంటుకుని పల్చటి రింగులు ఉంటాయి. ఏ రింగు ఏ పక్కదో మారితే తర్వాత గేర్లు గరగరలాడతాయి. ఈ పనికి రోటర్ తీయాల్సిన అవసరం చాలా రీళ్ళలో రాదు. తీయాల్సి వస్తే దాని నట్టు కొన్నిట్లో తిరుగుడు మరతో (మామూలుకు ఎదురు దిశలో ఊడేలా) ఉంటుంది, ఒక వైపు రాకపోతే బలం పెట్టకుండా రెండో వైపు ప్రయత్నించండి.

పెద్ద గేరు ఎత్తితే దాని కింద స్లైడర్, దాన్ని నడిపే చిన్న గేరు, పిన్ను కనిపిస్తాయి. మొదట స్లైడర్‌ను షాఫ్ట్‌కు పట్టి ఉంచే స్క్రూలను చూడండి. ఒకటో రెండో ఉంటాయి. చాలాసార్లు జబ్బు ఇక్కడే: ఏళ్ళ తరబడి అటూ ఇటూ ఊగి స్క్రూ ఒక అర చుట్టు వదులవుతుంది. అంతే, స్పూల్ ప్రతి కొస దగ్గరా ఒక క్షణం నిలుస్తుంది. స్క్రూ తీసి మరను తుడిచి, ఆవగింజంత గోళ్ళ రంగు అంటించి బిగించండి. ఇక ఊడదు, కావాలనుకున్నప్పుడు మళ్ళీ విప్పుకోవచ్చు. ఫెవిక్విక్ మాత్రం వేయకండి, తర్వాత స్క్రూ తల చెడిపోతుంది గానీ ఊడదు.

స్క్రూ గట్టిగానే ఉంటే పిన్నూ గాడీ చూడాలి. స్లైడర్‌ను తుడిచి వెలుతురుకు పట్టండి. గాడి కొసలు కొత్తగా ఉన్నట్టే ఉండి, మధ్యలో గోడలు తిని వెడల్పయ్యాయా? స్వర్ణముఖి నది ఇసుక చేరిన రీళ్ళలో ఆ తిన్నచోట అద్దంలా మెరుస్తుంది, పాత గ్రీజు బూడిదరంగు ముద్దగా ఉంటుంది. ఆ ముద్దను వేళ్ళ మధ్య నలిపితే గరుకు తెలుస్తుంది. అదే లోహాన్ని ఆకురాయిలా అరగదీసింది. పిన్నుకూ గాడికీ మధ్య సందు 0.2 మి.మీ. వరకు ఉంటే శుభ్రం చేసి కొత్త గ్రీజు పెడితే సరిపోతుంది. 0.5 మి.మీ. దాటితే పిన్ను దిశ మార్చుకున్న ప్రతిసారీ స్లైడర్ అంత సేపూ కదలకుండా ఉంటుంది, దారం అక్కడే పోగుపడుతుంది.

దీనికి ఇత్తడి తొడుగు వేయించుకోవచ్చు, కానీ ఒక మెలిక ఉంది. గాడి మధ్యలోనే అరిగింది కాబట్టి, మధ్యకు సరిపోయే తొడుగు కొసల్లో ఇరుక్కుపోతుంది. అందుకే ముందు గాడి మొత్తాన్ని మధ్యలో ఉన్న వెడల్పుకు సన్న ఆకురాయితో సమానం చేసి, ఆ కొలతకు లేత్ షాపులో తొడుగు తిప్పించాలి. గాడి తిన్నగా కాకుండా వంపు తిరిగి ఉంటే, కొసల దగ్గర వేగం సర్దడానికి కావాలనే అలా చేశారు, ఆ వంపును చెరపకూడదు. అలాంటి స్లైడర్ అరిగితే అదే మోడల్ చెడిపోయిన రీల్ ఇంకోటి సంపాదించి దానిది వేయడమే మేలు. మళ్ళీ అమర్చేటప్పుడు స్లైడర్‌ను తిరగేసి పెట్టకుండా ఫొటో చూసుకోండి.

పిన్ను బదులు పొడవైన మరలాంటి కడ్డీ ఉండే రకమైతే, దాని అడ్డగాడుల్లో నడిచే నాలుకలాంటి చిన్న ముక్క అరిగిపోతుంది. అరిగితే స్పూల్ ఒక కొసకు వెళ్ళి తటపటాయిస్తుంది. అది బాగుచేసేది కాదు, మార్చాల్సిందే.

షాఫ్ట్ వంగిందనిపిస్తే బయటికి తీసి అద్దం పలక మీద దొర్లించండి. కింద సందులోంచి వెలుతురు మినుకుమినుకుమంటూ వస్తే వంపు ఉంది. సుత్తితో కొట్టి సరిచేద్దామనుకోవద్దు. లేత్ మీద చూపించి సరిచేయించండి, లేదా మార్చండి.

కడగడానికి డీజిల్, పాత టూత్‌బ్రష్ చాలు. పెట్రోలు కొన్ని ప్లాస్టిక్ భాగాలను, రంగును చెడగొడుతుంది, పైగా ఇంట్లో ప్రమాదం. గేర్ల పళ్ళకు బేరింగ్ గ్రీజు పల్చగా పూస్తే చాలు. స్లైడర్ గాడికి మినపగింజంత, షాఫ్ట్‌కు ఒక చుక్క కుట్టుమిషన్ నూనె. కొబ్బరినూనె, ఆముదం వద్దు, కొన్నాళ్ళకు జిగురై పట్టేస్తాయి. తుప్పు వదిలించే స్ప్రే కడగడానికి పనికొస్తుంది గానీ గ్రీజు స్థానంలో నిలవదు.

మళ్ళీ దారం ఎక్కించడం

రీల్ ఎంత బాగున్నా వదులుగా ఎక్కించిన దారం మళ్ళీ గుంటలు పడుతుంది. రీల్‌ను గాలం కర్రకు బిగించి, దారాన్ని కనీసం మొదటి రింగు గుండా తీసుకురండి. నైలాన్ దారపు కొత్త చుట్టను అరగంట నీళ్ళలో నానబెడితే మెత్తబడుతుంది. రీల్‌కూ రింగుకూ మధ్య తడిగుడ్డతో దారాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టండి. పట్టు మొదట్నుంచి చివరిదాకా మారకూడదు. చుట్ట నుంచి దారం ఊడే దిశ, రోటర్ తిరిగే దిశ ఒకటే అయ్యేలా చుట్టను నేల మీద పెట్టండి. ఇరవై చుట్లు తిప్పి ఆగి, దారాన్ని వదులు చేసి చూడండి. పాములా మెలికలు తిరిగితే చుట్టను బోర్లా తిప్పి కొనసాగించండి.

వంద చుట్లకు ఒకసారి ఆగి పక్కనుంచి ఆకారం చూడండి. మళ్ళీ గుట్ట లేస్తుంటే అక్కడే ఆపి వాషర్ లెక్క సరిచేసుకోండి, నింపేశాక చూసుకుంటే మొత్తం విప్పాలి. ముందు అంచుకు 1.5 నుంచి 2 మి.మీ. తక్కువ దాకా నింపితే చాలు. అల్లిన దారం వేస్తుంటే అడుగున కాసింత నైలాన్ దారం చుట్టి దాని మీద ఎక్కించండి. లేకపోతే అల్లిక దారం ఖాళీ స్పూల్ మీద మొత్తంగా జారి తిరుగుతుంది, డ్రాగ్ పాడైందనుకుంటారు. పిన్ను రకం పాత రీళ్ళకు సన్నటి అల్లిక దారం అంతగా నప్పదు కూడా, బిగువు పడినప్పుడు కింది పొరల్లోకి దూరిపోతుంది. 0.30 మి.మీ. నైలాన్ దారం వేస్తే చెరువుల్లో బొచ్చెకూ రోహుకూ ఇబ్బంది ఉండదు.

తిరుపతి, చిత్తూరు వైపు చెరువులు నిండేది అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య వానలకు కాబట్టి ఈ పనులన్నీ ఎండల్లోనే చేసి పెట్టుకోవడం తేలిక. పిచ్చాటూరు అరణియార్ జలాశయానికో, ఊరి చెరువుకో వెళ్ళేముందు చేపల హక్కు ఎవరిదో అడిగి అనుమతి తీసుకోండి. పులికాట్‌లో పక్షుల అభయారణ్యం హద్దు కూడా చూసుకోవాలి. ఉప్పునీటి నుంచి వచ్చిన రోజే, డ్రాగ్ నాబ్ బిగించి ఉంచి, మంచినీళ్ళు సన్నధారగా పోసి తుడవండి. బకెట్లో ముంచితే ఉప్పు లోపలికి పోతుంది. ఆరాక నాబ్ వదులు చేసి, రోలర్‌కు ఒక చుక్క నూనె వేసి, గుడ్డసంచిలో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో తడి బయటికి పోక స్ప్రింగుకు తుప్పు పడుతుంది.